మూడు లైట్లు, రెండు జబ్బులు, ఒక అనవసరపు బేరింగ్

డ్యాష్‌బోర్డులో బ్రేకు హెచ్చరిక లైట్లు వచ్చిపోతున్న ఒక కారు కేసు ఇది, ఇందులో మొదటి రౌండు నేను తప్పాను. కావలసిన సమాచారం అప్పటికే నా చేతిలో ఉంది. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ ఇచ్చింది, ఓనర్ చెప్పారు, బండి కూడా కళ్ల ముందే చూపించింది. నేను చదవడంలోనే తేడా కొట్టింది. బ్రేకుల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి కూడా పాత అలవాటు ఎలా పక్కదారి పట్టిస్తుందో చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. బండి కంపెనీ, మోడల్, ఓనర్ ఎవరు అన్నవి కావాలనే వదిలేశాను.

బండి, కంప్లైంట్

చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు, మాన్యువల్ గేరు, ఏడేళ్ల బండి, 90 వేల కిలోమీటర్లు దాటింది. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి ఊరికే తిరగకుండా చూసేది) రెండూ ఉన్నాయి. ఓనర్ బండిని జాగ్రత్తగా చూసుకునే మనిషి.

ఆయన మాటల్లోనే చెప్తాను: "నడుస్తూ ఉండగా లైట్లన్నీ ఒక్కసారిగా వచ్చేస్తున్నాయండీ. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోతున్నాయి. వారం పాటు అసలు రావు, తర్వాత ఒకే రోజు రెండుసార్లు వస్తాయి. నాకు టెన్షన్‌గా ఉంది, పిల్లల్ని ఎక్కించుకోవాలంటే భయం."

లైట్లన్నీ అంటే ఏవి అని అడిగాను. పసుపు ఏబీఎస్, బండి జారుతున్నట్టు బొమ్మ ఉండే పసుపు ట్రాక్షన్ లైటు, ఎర్ర బ్రేక్ లైటు. మూడూ.

నా దగ్గరికి రాకముందే వేరే చోట్ల రెండుసార్లు పని జరిగింది. మొదటిసారి ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ మార్చారు, మూడు వారాలు బాగుంది, మళ్ళీ వచ్చింది. రెండోసారి "ఆ సెన్సర్ మంచి క్వాలిటీ కాదు" అని మళ్ళీ అదే సెన్సర్ మార్చి, పనిలో పనిగా బ్యాటరీ కూడా కొత్తది వేశారు. ఈసారి నెల రోజులు బాగుంది. ఈ "కొన్నాళ్లు బాగుంది" అన్న ముక్కే ఈ కేసులో అందరికన్నా పెద్ద అబద్ధాలకోరు. ఆ సంగతి తర్వాత.

మొదటి రౌండు

నా దగ్గరికి వచ్చిన రోజు లైట్లేవీ లేవు. లైటు వెలగని బండిలో వచ్చిపోయే జబ్బు వెతకడం అంటే నొప్పి తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే. స్కానర్ పెట్టాను. ఏబీఎస్ మాడ్యూల్‌లో, అంటే ఏబీఎస్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌లో, ఒకటే తప్పు కోడ్: సీ0035, అంటే ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. ప్రస్తుతానికి లేదు, ఇంతకుముందు వచ్చింది అని చూపిస్తోంది. మాడ్యూళ్ల మధ్య మాట తెగిపోయినట్టు చెప్పే కోడ్లు ఏమీ లేవు. దాంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంది, అంటే కోడ్ పడిన క్షణంలో బండి పరిస్థితి ఏమిటో మాడ్యూల్ రాసిపెట్టుకున్న లెక్క. మూడుసార్లు నమోదైంది, మూడింటిలోనూ వేగం గంటకి 20 కిలోమీటర్ల లోపే. 

ఆ అంకె గుర్తుపెట్టుకోండి, నేను దాన్ని పట్టుకునే బావిలో పడ్డాను.

ముందు చవకైన అనుమానాలు తీసేశాను. బ్యాటరీ వోల్టేజి ఆగి ఉన్నప్పుడు 12.6, స్టార్ట్ కొట్టేటప్పుడు 10.4, ఇంజన్ నడుస్తుంటే 14.2, అంతా బానే ఉంది. ఏబీఎస్ పంపు తిరుగుతుండగా దాని ఎర్త్ వైరులో పడే వోల్టేజి చూశాను, 0.05 వోల్టులు, 0.1 లోపు ఉంటే నాకు దిగులు లేదు. నాలుగు టైర్ల సైజు ఒకటే. బ్రేక్ పెడల్ స్విచ్ స్కానర్‌లో సరిగ్గా మారుతోంది. హ్యాండ్ బ్రేక్ స్విచ్ సరే. బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాను, మినిమమ్ గీతకి ఒక వెంట్రుక వాసి పైన ఉంది, లైటు లేదు కాబట్టి ముందుకెళ్లిపోయాను. ఇది నా మొదటి తప్పు. చిన్నదే, కానీ తప్పే.

ఇప్పుడు అసలు సెన్సర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా తర్కం ఎక్కడ వంకర తిరిగిందో అర్థం కాదు. చక్రాల స్పీడ్ సెన్సర్లు రెండు రకాలు. పాత రకంలో ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట, ఎదురుగా పళ్ల చక్రం. చక్రం తిరిగితేనే కరెంటు పుడుతుంది, నెమ్మదిగా తిరిగితే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది, మరీ నెమ్మదైతే మాడ్యూల్‌కి కనిపించదు. అందుకే పాత బండ్లలో సెన్సర్‌కీ పళ్లకీ మధ్య ఖాళీ ఒక్క పిసరు పెరిగినా మొదట తక్కువ వేగంలోనే తేడా చేస్తుంది. కొత్త రకంలో సెన్సర్‌కి మాడ్యూల్ నుంచే కరెంటు వస్తుంది. బేరింగ్ సీలులో ఉత్తర, దక్షిణ ధ్రువాలు వరసగా పేర్చిన అయస్కాంతపు వలయం ఉంటుంది, అది తిరుగుతుంటే సెన్సర్ లాగే కరెంటు 7 మిల్లీ ఆంపియర్లు, 14 మిల్లీ ఆంపియర్లు, మళ్ళీ 7, మళ్ళీ 14, ఇలా మారుతూ ఉంటుంది. వేగం ఎంత తగ్గినా ఈ రెండు మెట్ల ఎత్తు తగ్గదు. చక్రం దాదాపు ఆగేదాకా చదువుతుంది.

ఈ బండిలో ఉన్నది కొత్త రకం. నాకు తెలుసు. తెలిసి కూడా "20 లోపే పడుతోంది" అని చూడగానే నా బుర్ర నేరుగా పాత రకం జవాబు అందుకుంది: తక్కువ వేగం అంటే సిగ్నల్ బలం లేదు, సెన్సర్ రెండుసార్లు మారింది కాబట్టి అది కాదు, మిగిలింది ఎదురుగా ఉన్న వలయం, అంటే బేరింగ్.

వైరింగ్ చూడకుండా బేరింగ్ మీదికి పోలేదు, ఆ మాత్రం జాగ్రత్త పడ్డాను. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, సెన్సర్ కనెక్టర్ నుంచి మాడ్యూల్ దాకా రెండు వైర్లూ మల్టీమీటర్‌తో చూస్తే ఒక్కొక్కటి 0.3 ఓములు. ఎర్త్‌కి ఎక్కడా తగలడం లేదు. సెన్సర్ దగ్గర వైరు పట్టుకుని అటూ ఇటూ ఊపాను, మీటర్ కదల్లేదు. ఆ వైరు షాక్ అబ్సార్బర్ పక్కన బ్రేక్ హోస్‌కి ఒక ప్లాస్టిక్ టైతో కట్టేసి ఉంది. చూశాను. "శుభ్రంగానే కట్టారు" అనుకున్నాను కూడా.

టెస్ట్ డ్రైవ్‌లో స్కానర్ గ్రాఫ్ పెట్టుకుని తిరిగాను, నాలుగు చక్రాల వేగం నాలుగు గీతలు కలిసే పోయాయి. ఒక్క చోట మాత్రం ముందు ఎడమ గీత కాస్త తొణికినట్టు అనిపించింది. దానికి తోడు ముందు నుంచి సన్నగా హమ్మింగ్ వినిపించింది. అంతే, నాకు కావలసిన సాక్ష్యం దొరికింది. మనం ముందే తీర్పు రాసుకుని కూర్చుంటే సాక్షులకు కరువుండదు.

వ్యతిరేక సాక్ష్యం కూడా ఉంది, దాన్ని మాత్రం పట్టించుకోలేదు. వలయం చెడితే గానీ, మధ్యలో ఖాళీ పెరిగితే గానీ సాధారణంగా ఇంకో లక్షణం కూడా కనిపిస్తుంది: బండి ఆగబోయే ముందు, చివరి కొన్ని మీటర్లలో, ఒక చక్రం లాక్ అయిపోయిందని మాడ్యూల్ పొరబడి ఏబీఎస్‌ని ఊరికే పని చేయిస్తుంది, పెడల్ కాళ్ల కింద గరగరమంటుంది. ఓనర్‌ని అడిగాను. "లేదండీ, పెడల్ ఎప్పుడూ అలా అనలేదు" అన్నారు. సరే ఇంకా ఆ స్థాయికి రాలేదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

బేరింగ్ మార్చాను. అప్పుడే ముందు బ్రేక్ ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకి వచ్చాయని చూసి, త్వరలో మార్పించుకోండి అని చెప్పాను. కోడ్ చెరిపేసి బండి ఇచ్చాను.

పదకొండో రోజు ఫోన్. మూడు లైట్లూ వచ్చాయి.

మళ్ళీ మొదటి నుంచి

ఈసారి పార్ట్ ఏదీ ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. బేరింగ్ ఖర్చు నా మీదే వేసుకున్నాను, అది వేరే సంగతి. ఓనర్‌కి ఒక పని చెప్పాను: లైటు వచ్చిన ప్రతిసారీ, ఆపడానికి వీలైన చోట ఆపి, డ్యాష్‌బోర్డు వీడియో తీయండి, ఆ ముందు నిమిషంలో బండి ఏం చేసిందో రాయండి. మలుపా, గుంతా, బ్రేకా, వాలా, వాన పడుతోందా, స్టార్ట్ చేసి ఎంతసేపయింది. ఇగ్నిషన్ ఆపకముందే తీయాలి అని మరీ మరీ చెప్పాను. ఎందుకంటే ఏబీఎస్ లైటు ఒకసారి వచ్చాక, తప్పు సరైపోయినా సరే, చాలా బండ్లలో ఇగ్నిషన్ ఆపేదాకా వెలుగుతూనే ఉంటుంది. మళ్ళీ స్టార్ట్ చేసి కాస్త వేగం అందుకున్నాక, మాడ్యూల్ తనని తాను సరిచూసుకుని ఆర్పేస్తుంది. అంటే ఓనర్ లైటు చూసిన చోటూ తప్పు జరిగిన చోటూ ఒకటి కాకపోవచ్చు, మలుపులో వచ్చినదాన్ని మెయిన్ రోడ్డు మీద గమనించి "స్పీడ్‌లో వచ్చింది" అని చెప్పడం మామూలే.

భద్రత గురించి కూడా చెప్పాను. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, కానీ గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అయి జారొచ్చు, దూరం ఎక్కువ పాటించండి. ఎర్ర లైటు వచ్చి పెడల్ మెత్తగా గానీ, లోతుగా గానీ పోతే ఒక్క అడుగు కూడా ముందుకు వద్దు, ఆపి ఫోన్ చెయ్యండి. ఆ రెండోది ఎప్పుడూ జరగలేదు.

తొమ్మిది రోజుల్లో ఆరు నమోదులు వచ్చాయి, వీడియోలతో సహా. ఒక సాయంత్రం కూర్చుని అన్నీ వరసగా చూశాను. మూడు వీడియోల్లో రెండు పసుపు లైట్లు మాత్రమే ఉన్నాయి. రెండింటిలో ఎర్ర లైటు మాత్రమే, అదీ నాలుగైదు సెకన్లు మిణుకుమని తనంతట తానే పోయింది. మూడూ కలిసి ఉన్నది ఒకే ఒక్క వీడియో.

"లైట్లన్నీ ఒక్కసారిగా" అన్న మాట ఆయన అబద్ధం చెప్పలేదు. మొట్టమొదటిసారి మూడూ కలిసి కనిపించాయి, అది మనసులో ముద్రపడిపోయింది. ఆ తర్వాత ఏది వచ్చినా "మళ్ళీ వచ్చాయి" అనే లెక్క. నేనూ ఆ మాటని కదపకుండా అలాగే తీసుకున్నాను.

ఇక్కడ ఇంకొక ఆలోచన ముందే రావాల్సింది. ఒక్క చక్రం సెన్సర్ పోతే చాలా బండ్లలో ఏబీఎస్, ట్రాక్షన్ ఆగిపోతాయి కానీ, ముందు వెనక చక్రాలకి బ్రేకు పంచే ఈబీడీ మిగతా సెన్సర్లతో నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఎర్ర లైటు రాకూడదు. వచ్చిందంటే ఒకటి, ఈబీడీ కూడా పడిపోయేంత పెద్ద తప్పు, అంటే మాడ్యూల్‌కి పవరే పోవడం లాంటిది. లేదా దానితో సంబంధం లేని వేరే కారణం: హ్యాండ్ బ్రేక్ స్విచ్, ఆయిల్ లెవెల్. మొదటిదైతే మాడ్యూల్‌లో వేరే కోడ్లు కనిపించాలి, కనిపించలేదు. ఆయిల్ డబ్బాలో తేలే ఫ్లోట్ స్విచ్ తగిలితే ఏబీఎస్ మాడ్యూల్‌లో ఏ కోడూ పడదు, ఎర్ర లైటు వెలుగుతుంది అంతే. ఒక కోడు, రెండు రంగులు అన్నప్పుడే రెండు జబ్బులేమో అనుకోవాల్సింది.

నమోదులు చూస్తే అది ఇంకా స్పష్టంగా ఉంది. ఎర్ర లైటు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతూ వాలు దిగుతున్నారు. పసుపు లైట్లు వచ్చిన నాలుగుసార్లలో మూడుసార్లు "కుడికి తిప్పాను, గుంత" అని రాసి ఉంది, నాలుగోది గుర్తులేదన్నారు. మూడూ కలిసి వచ్చింది ఆయన పార్కింగ్ నుంచి బయటికి వచ్చే చోట. కిందికి వాలు, అడుగున చిన్న కాలువ లాంటి గుంత, వెంటనే పూర్తిగా కుడికి మలుపు. రెండు జబ్బులకీ కావలసినవన్నీ ఒకే చోట, పైగా రోజూ పొద్దున్నే దాటే చోటు. అందుకే రెండూ ఒకటే జబ్బులా కనిపించాయి.

ఎర్ర లైటు

దీని పని తొందరగా అయిపోయింది. బండిని సమతలంగా నిలబెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, డబ్బాలోంచి సిరంజితో బ్రేక్ ఆయిల్ కొంచెం కొంచెం తీశాను. 10 మిల్లీలీటర్లు తీసేసరికి ఎర్ర లైటు వెలిగింది. తిరిగి పోస్తే పోయింది. అంత అంచున ఉన్న ఆయిల్ వాలులో బ్రేకు తొక్కగానే ముందుకి తొణికితే ఫ్లోట్ దిగకుండా ఎలా ఉంటుంది.

ఆయిల్ ఎందుకు తగ్గింది అన్నది అసలు ప్రశ్న, ఇక్కడ నింపేసి పంపడం పెద్ద పొరపాటు. నాలుగు చక్రాల లోపలి వైపు, హోసులు, మాస్టర్ సిలిండర్ కింద, పెడల్ దగ్గర కార్పెట్ కింద, అన్నీ తడిమి చూశాను, ఎక్కడా లీకు లేదు. లీకు లేనప్పుడు మిగిలేది ప్యాడ్ల అరుగుదలే. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ వెనక ఖాళీని ఆయిల్ నింపుతుంది, ఆ మేరకు డబ్బాలో తగ్గుతుంది. 3 మిల్లీమీటర్ల ప్యాడ్లు మొదటి రౌండులోనే నా కళ్లతో చూశాను, ఆయిల్ మినిమమ్ గీత దగ్గర ఉందనీ చూశాను, రెండిటినీ కలపలేదు. ప్యాడ్లు మార్చి పిస్టన్లు వెనక్కి నొక్కగానే లెవెల్ మామూలు చోటికి వచ్చేసింది. ముందే నింపేసి ఉంటే ఇప్పుడు పొంగి పెయింటు మీద పడేది. ఆయిల్ రెండేళ్లు దాటింది కాబట్టి అదీ మార్చాను. ఎర్ర లైటు మళ్ళీ రాలేదు.

పసుపు లైట్లు

ఇప్పుడు ఆ 20 లోపు వేగం అనే అంకెకి కొత్త అర్థం వచ్చింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పే మలుపులు ఎవరైనా ఎంత వేగంలో తిప్పుతారు? 10, 15. అంటే వేగం తక్కువ కావడం వల్ల తప్పు రావడం లేదు, స్టీరింగ్ బాగా తిరిగి ఉన్నప్పుడు తప్పు వస్తోంది, అలాంటప్పుడు వేగం ఎలాగూ తక్కువే ఉంటుంది. ఒకే అంకె, రెండు చదువులు. మొదటి చదువు నాకు అలవాటైనది కాబట్టి రెండోది తట్టనే లేదు.

అప్పుడు ఓనర్‌ని అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: "లైట్లు మొదలవకముందు బండికి ఏదైనా పని చేయించారా? దీనికి సంబంధం లేదనిపించినా సరే చెప్పండి."

"ముందు షాకులు మార్పించానండీ, ఒక రెండు నెలల ముందు. లైట్లకీ షాకులకీ ఏం సంబంధంలే అని చెప్పలేదు."

ఊహించుకోండి నా మొహం. బ్రేక్ హోస్‌కి కట్టిన ఆ ప్లాస్టిక్ టై వెంటనే గుర్తొచ్చింది. సెన్సర్ వైరుకి మధ్యలో రబ్బరు గ్రోమెట్లు ఉంటాయి, అవి షాక్ అబ్సార్బర్ మీది బ్రాకెట్‌లోకి నొక్కి కూర్చోవాలి. అప్పుడే చక్రం పైకీ కిందికీ ఊగినా, స్టీరింగ్ తిరిగినా ఆ లాగుడు గ్రోమెట్ దగ్గరే ఆగిపోతుంది. షాక్ మార్చినప్పుడు గ్రోమెట్ తీసి, తిరిగి కూర్చోబెట్టకుండా టై వేసి వదిలేశారు. ఇక చక్రం లాగే ప్రతి లాగుడూ వైరు వెంట పైకి పాకి, మడ్‌గార్డ్ లోపల ప్లాస్టిక్ లైనర్ వెనకున్న కనెక్టర్ దాకా వెళ్తుంది.

అనుమానం బలంగా ఉంది, అయినా బేరింగ్ విషయంలో అంతే బలంగా ఉందని గుర్తు చేసుకుని, విప్పే ముందు స్కోప్ (సిగ్నల్‌ని క్షణక్షణం గీతగా చూపించే పరికరం) పెట్టాను. ఏబీఎస్ మాడ్యూల్ దగ్గర సిగ్నల్ వైరుకి పిన్ను గుచ్చి, పొడుగు వైర్లు క్యాబిన్‌లోకి లాగి, బండి తిప్పాను. స్కానర్ గ్రాఫ్ ఎందుకు చాలదంటే అది సెకనుకి నాలుగైదు సార్లే చదువుతుంది, ఆ మధ్యలో ఏం జరిగినా దానికి తెలియదు. స్కోప్‌కి తెలుస్తుంది.

ఖాళీ స్థలంలో, 20 లోపు వేగంలో, పూర్తిగా కుడికి తిప్పి చక్రాన్ని చిన్న గుంతలోకి దింపుతూ వెళ్లాను. ఏడోసారికి దొరికింది. చక్కగా మెట్లు మెట్లుగా వస్తున్న గీత దాదాపు 80 మిల్లీసెకన్లు చదునుగా పడిపోయి మళ్ళీ లేచింది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేశాను. టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు, గంటకి 18 కిలోమీటర్లంటే సెకనుకి 5 మీటర్లు, అంటే చక్రం ఒక చుట్టుకి 0.36 సెకన్లు. వలయంలో ఒక చోట దెబ్బ తింటే ఆ లోటు ప్రతి చుట్టుకీ, అంటే ప్రతి 0.36 సెకన్లకీ, గడియారంలా కనిపించాలి. ఇది ఒక్కసారి పడి మళ్ళీ రాలేదు. పైగా బలహీనమైన సిగ్నల్‌లా నీరసించలేదు, కత్తితో కోసినట్టు తెగింది. వైరు.

తర్వాత లిఫ్ట్ మీద. రెండు చివర్లా కనెక్టర్లు పీకి, ఆ వైరు గుండా ఫ్యూజుతో ఒక 5 వాట్ల బల్బు వెలిగించాను. సెన్సర్‌నీ మాడ్యూల్‌నీ విడదీయకుండా ఈ పని ఎప్పుడూ చేయకూడదు, రెండూ కాలిపోతాయి. చక్రాలు వేలాడుతున్నాయి, స్టీరింగ్ నిటారుగా ఉంది, బల్బు నిండుగా వెలుగుతోంది. మొదటి రౌండులో మల్టీమీటర్‌తో చూసింది సరిగ్గా ఈ భంగిమలోనే, ఇక్కడికే ఆగాను. ఇప్పుడు స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి, చక్రాన్ని చేత్తో కాస్త కిందికి లాగాను. బల్బు ఆరింది. వదిలితే వెలిగింది. పది సెకన్ల పని.

లైనర్ విప్పాను. కనెక్టర్ బాడీకి బిగించే క్లిప్పు కూడా ఊడి వేలాడుతోంది. బాడీ వైపు హార్నెస్‌లో, అంటే వైర్ల కట్టలో, కనెక్టర్ వెనక ఒక అంగుళం దూరంలో, ఒక వైరు పైతొడుగు చూడ్డానికి నిక్షేపంలా ఉంది గానీ వేలితో వంచితే అక్కడ మాత్రం తాడులా మెత్తగా మడుస్తోంది. తొడుగు చీరితే లోపల రాగి పోగులన్నీ తెగి, చివర్లు పచ్చగా కిలుం పట్టి, ఒకదానికొకటి ఊరికే ఆనుకుని ఉన్నాయి. ఆనుకున్నంతసేపూ మల్టీమీటర్‌కి 0.3 ఓములు.

రెండు సెన్సర్లు మార్చినప్పుడు "కొన్నాళ్లు బాగుంది" ఎందుకో ఇప్పుడు తేలింది. సెన్సర్ మార్చాలంటే ఆ కనెక్టర్ పీకి మళ్ళీ పెట్టాలి. ఆ కదలికలో తెగిన చివర్లు మళ్ళీ దగ్గరికి జరిగి కూర్చున్నాయి. బాగుచేసింది కొత్త సెన్సర్ కాదు, మెకానిక్ చెయ్యి తగలడం. నా బేరింగ్‌కి వచ్చిన పదకొండు రోజులు కూడా ఆ ఖాతాలోవే.

రిపేరు మామూలే. రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కోసి, అదే మందం వైరు ముక్కలు వేసి, రెండు వైర్ల జాయింట్లు పక్కపక్కన పడకుండా ఎగుడుదిగుడుగా క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి), లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ ట్యూబులు ఎక్కించాను. ఊగే చోట సోల్డర్ వెయ్యను, సోల్డర్ అంచు దగ్గర వైరు గట్టిపడి అక్కడే మళ్ళీ తెగుతుంది. కనెక్టర్ బాడీకి క్లిప్పుతో, గ్రోమెట్లు షాక్ బ్రాకెట్‌లో. ఆ ప్లాస్టిక్ టై కోసి పారేశాను.

తర్వాత స్కోప్ తీయకుండానే అదే గుంత, అదే కుడి మలుపు, ముప్ఫైసార్లు. గీత ఎక్కడా పడలేదు. లైటు రావడం లేదు అన్నది నాకు రుజువు కాదు, ఎందుకంటే ఇంతకుముందు కూడా వారాలు వారాలు రాలేదు. తప్పు పుట్టించిన పరిస్థితిని మళ్ళీ పుట్టించినా తప్పు రాకపోతేనే రుజువు. నాలుగు నెలలయింది, బండి బాగుంది.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

జాబ్ కార్డులో మొదటి ప్రశ్న మార్చాను. "ఏం సమస్య" కన్నా ముందు "ఇది మొదలవకముందు మూడు నెలల్లో చక్రాల దగ్గర, బానెట్ కింద, డ్యాష్‌బోర్డులో ఎవరైనా ఏ పనైనా చేశారా" అని ఉంటుంది. చాలామంది లేదనే అంటారు, ఇంకోసారి అడిగితే "ఆఁ, టైర్లు మార్చాం" అంటారు.

లైట్లు ఒక గుంపుగా వచ్చాయని ఎవరు చెప్పినా విడివిడిగా వీడియోలో చూసేదాకా నమ్మను. ఓనర్లకి కూడా ఇదే చెప్తున్నాను: నాలుగు వీడియోలు తెస్తే సగం పని మీరే చేసినట్టు. ఇంకోటి, నా దగ్గరికి వచ్చే ముందు ఎవరి చేతా కోడ్లు చెరిపించుకోవద్దు. చాలా బండ్లలో కోడ్ చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ఈ బండిలో అంతకుముందు రెండుసార్లు చెరిపారు, ఆ మూడు నమోదులైనా మిగలడం నా అదృష్టం.

కోడ్ సంగతి కొత్త కుర్రాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేదే, నాకే మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. "సెన్సర్ సర్క్యూట్" అంటే సెన్సర్ అని కాదు. సెన్సర్, దాని వైరు, కనెక్టర్, బాడీ హార్నెస్, మాడ్యూల్ పిన్ను, అన్నీ కలిపి సర్క్యూట్. ఇక వైరు పరీక్ష అంటే చక్రం ఏ భంగిమలో ఉన్నప్పుడు తప్పు వస్తుందో ఆ భంగిమలో పెట్టి చేసేదే, మిగతాది కాలక్షేపం. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏ అంకె కనిపించినా దానికి కనీసం రెండు వివరణలు కాగితం మీద రాసుకున్నాకే పానా పట్టుకుంటున్నాను. రెండోది తట్టకపోతే టీ తాగి వచ్చి మళ్ళీ చూస్తాను.

తీసేసిన ఆ పాత బేరింగ్ ఇంకా నా బల్ల మీదే ఉంది. కేసు తేలాక ఒక రోజు దాన్ని చేత్తో తిప్పి చూశాను, అయస్కాంతపు గీతలు చూపించే కార్డు పెట్టి వలయం చుట్టూ పరీక్షించాను. గీతలన్నీ సమానంగా ఉన్నాయి, తిప్పితే సిల్కులా తిరిగింది. ఆ హమ్మింగ్ కొత్త బేరింగ్ వేశాక కూడా పోలేదు, ముందు టైర్లు వెనక్కి మార్చినప్పుడు వాటితో పాటు వెనక్కి పోయింది.